బిగ్ టిమ్ సల్లివాన్: న్యూయార్క్‌లో పిస్తోలుకు లైసెన్సు తప్పనిసరి చేసిన బస్తీ నాయకుడు

అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 23న న్యూయార్క్ రాష్ట్ర తుపాకీ చట్టంలోని ఒక కీలక నిబంధనను కొట్టివేసింది. సల్లివాన్ చట్టంగా పేరుపడిన ఆ శాసనానికి అప్పటికి 111 ఏళ్లు. దానిని ప్రతిపాదించిన టిమొథీ డేనియల్ సల్లివాన్ కన్నుమూసి 109 ఏళ్లు కావస్తోంది. ఆయన న్యాయశాస్త్రం చదివినవారు కారు, సంస్కర్తగా పేరు పొందినవారూ కారు. మద్యశాలల యజమాని, జూదగృహాలకు అండగా ఉన్నారన్న అపఖ్యాతి మోసినవారు, ఓట్ల కోసం ముఠాలను వాడుకున్న పార్టీ యంత్రాంగంలో పెద్ద తలకాయ. అమెరికా రాష్ట్రాలు తెచ్చిన తుపాకీ చట్టాలన్నిటిలో అత్యంత ప్రసిద్ధమైనది అలాంటి మనిషి చేతి మీదుగా రావడం చరిత్రలోని వింతల్లో ఒకటి. ఆ చట్టం బలమూ బలహీనతా రెండూ అర్థం కావాలంటే ముందుగా ఆ మనిషి జీవితాన్ని తెలుసుకోవాలి.

పేదరికం నేర్పిన పాఠాలు

ఐర్లండ్ నుంచి వలస వచ్చిన దంపతులకు సల్లివాన్ 1862లో న్యూయార్క్‌లో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నారు. సవతి తండ్రి తాగుబోతు, ఇంట్లో చేయిచేసుకునేవాడు. కుటుంబం నివసించినది నగరంలో అతి దుర్భరమైన మురికివాడగా పేరుపడిన ఫైవ్ పాయింట్స్ పరిసరాల్లో. తల్లి ఇంటి దగ్గరే కుట్టుపని, బట్టలు ఉతికే పని చేసి పిల్లలను పోషించారు. సల్లివాన్ ఏడెనిమిదేళ్ల వయసుకే వీధిలో పత్రికలు అమ్మడం, బూట్లు పాలిష్ చేయడం మొదలుపెట్టారు. చదువు త్వరగానే ఆగిపోయింది.

ఆరడుగులకు మించిన ఎత్తు, ఆకట్టుకునే మాటతీరు, ఎవరినైనా పేరు పెట్టి పలకరించే జ్ఞాపకశక్తి ఆయనకు పెట్టుబడి అయ్యాయి. పత్రికల పంపిణీలో సంపాదించిన సొమ్ముతో ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే మద్యశాలలు తెరిచారు. వాటికి యజమాని అయినా తాను మద్యం ముట్టేవారు కారు, పొగ తాగేవారు కారు. జూదం మాత్రం విడువలేదు. 1886లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యేనాటికి ఆయన వయసు పాతికేళ్లు కూడా నిండలేదు.

ఆ రోజుల్లో న్యూయార్క్ నగర డెమోక్రటిక్ పార్టీని టామనీ హాల్ అనే సంస్థ శాసించేది. వలసదారులకు ఉద్యోగం చూపించడం, చలికాలంలో బొగ్గు ఇప్పించడం, చావు ఖర్చులు భరించడం, కోర్టులో జామీను నిలబడడం దాని పని. ప్రతిఫలంగా ఓటు వేయించుకునేది. లంచాలు, రిగ్గింగు దాని మరో ముఖం. బోవరీ అనే పేదల వీధి చుట్టుపక్కల ఈ యంత్రాంగానికి సల్లివాన్ తిరుగులేని నాయకుడయ్యారు. ఏటా క్రిస్మస్ నాడు వేలాది నిరాశ్రయులకు విందు పెట్టేవారు, చలికాలంలో బూట్లు, మేజోళ్లు పంచేవారు. చిన్నతనంలో కాళ్లకు బూట్లు లేక బాధపడుతున్న తనకు ఒక ఉపాధ్యాయురాలు జత ఇప్పించారని, ఆ జ్ఞాపకంతోనే ఈ దానం చేస్తున్నానని ఆయన చెప్పుకొనేవారు. జనం ఆయనను బిగ్ టిమ్ అని పిలుచుకున్నారు.

పోలీసు అధికారాన్ని ఎదిరించిన యువ సభ్యుడు

1889లో జరిగిన ఒక వివాదం సల్లివాన్ రాజకీయ జీవితంలో తొలి మలుపు. నేరచరిత్ర ఉన్నవారు కనిపించగానే పట్టుకుని నిర్బంధించే అధికారం పోలీసులకు కట్టబెట్టే బిల్లు ఒకటి శాసనసభ ముందుకు వచ్చింది. దాని వెనుక ఉన్నది నగర పోలీసు విభాగంలో అత్యంత శక్తిమంతుడైన అధికారి థామస్ బర్న్స్. ఆ అధికారం దుర్వినియోగమై తన బస్తీ జనం మీదే విరుచుకుపడుతుందని సల్లివాన్ ఆ బిల్లును వ్యతిరేకించారు. బర్న్స్ వెంటనే ప్రతీకారానికి దిగి, సల్లివాన్ దొంగలతో చెట్టాపట్టాలు వేసుకుని తిరిగేవాడని పత్రికల్లో ఆరోపించారు. సల్లివాన్ సభలో లేచి, బహిరంగంగానే తన బాల్యాన్ని, తల్లి పడ్డ కష్టాలను వివరించి సమాధానం చెప్పారు. ఆ ప్రసంగంతో ఆయన పేరు నగరమంతటా మారుమోగింది.

ఈ ఘట్టాన్ని గుర్తుంచుకోవడం అవసరం. ఎవరిని పట్టుకోవాలి, ఎవరిని వదలాలి అన్న విచక్షణను పోలీసు చేతిలో పెడితే ఏమవుతుందో తెలిసిన సభ్యుడిగా సల్లివాన్ ప్రజల ముందుకు వచ్చారు. ఇరవై రెండేళ్ల తర్వాత ఆయన తెచ్చిన చట్టం కూడా సరిగ్గా ఆ విచక్షణ మీదే ఆధారపడింది.

1894 నుంచి ఆయన రాష్ట్ర సెనేట్‌లో ఉన్నారు. 1903లో వాషింగ్టన్‌కు, అంటే దేశ ప్రతినిధుల సభకు వెళ్లారు. అక్కడి వాతావరణం నచ్చక 1906లో రాజీనామా చేశారు. 1909లో తిరిగి రాష్ట్ర సెనేట్‌కు వచ్చారు. కొలంబస్ దినాన్ని రాష్ట్ర సెలవుదినంగా ప్రకటించే చట్టం వెనుక ఆయన ఉన్నారు, అది ఇటాలియన్ ఓటర్లను మెప్పించింది. జాన్ కన్సిడైన్ అనే భాగస్వామితో కలిసి పశ్చిమ రాష్ట్రాల వరకు విస్తరించిన వినోద నాటకశాలల వ్యాపారం నడిపి బాగా గడించారు. గడించినది గడించినట్టే పంచిపెట్టారు, జూదంలో పోగొట్టుకున్నారు.

తుపాకులు పేలిన వీధులు

ఇరవయ్యో శతాబ్దం ఆరంభానికి న్యూయార్క్‌లో రివాల్వర్ చౌకైన వస్తువు. చిన్నది, జేబులో పట్టేది, తాకట్టు దుకాణాల్లో సులువుగా దొరికేది. నగరంలో ఆయుధాన్ని దాచుకుని తిరగడానికి అనుమతి కావాలన్న స్థానిక నిబంధన పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఉన్నా దాని ప్రభావం అంతంతమాత్రం. మాంక్ ఈస్ట్‌మన్, పాల్ కెల్లీ నాయకత్వంలోని ముఠాలు 1903లో రివింగ్టన్ వీధిలో బహిరంగంగా కాల్పులు జరుపుకున్నాయి. ఎన్నికల రోజున టామనీ హాల్‌కు దొంగ ఓట్లు వేసినవి కూడా ఆ ముఠాలే. తన రాజకీయ బలానికి ఉపయోగపడిన మనుషులే తన ఓటర్ల వీధుల్లో రక్తం చిందించడాన్ని సల్లివాన్ దగ్గరి నుంచి చూశారు.

1910 ఆగస్టు 9న నగర మేయర్ విలియం గేనర్ యూరప్ ప్రయాణానికి ఓడ ఎక్కి ఉండగా, ఉద్యోగం నుంచి తొలగింపునకు గురైన ఒక నగర కార్మికుడు ఆయన మీద కాల్పులు జరిపాడు. మేయర్ బతికారు కానీ గొంతులో దిగిన తూటా జీవితాంతం అక్కడే ఉండిపోయింది. ఐదు నెలలకు, 1911 జనవరి 23న, ప్రముఖ నవలాకారుడు, పాత్రికేయుడు డేవిడ్ గ్రాహం ఫిలిప్స్‌ను గ్రామర్సీ పార్కు సమీపంలో పట్టపగలు ఒక వ్యక్తి కాల్చాడు. ఫిలిప్స్ నవల ఒకటి తన కుటుంబాన్ని కించపరిచిందన్న భ్రమ అతడిని పట్టి పీడించింది. అతడు అక్కడికక్కడే తననూ కాల్చుకున్నాడు. ఫిలిప్స్ మరునాడు ఆసుపత్రిలో మరణించారు.

అనుమానాస్పద మరణాలను విచారించే కరోనర్ కార్యాలయంలో జార్జ్ లె బ్రన్ అనే అధికారి పనిచేసేవారు. రోజూ శవపరీక్షల కాగితాలు చూసి విసిగిపోయిన ఆయన, ఫిలిప్స్ హత్య తర్వాత నగర ప్రముఖులకు లేఖలు రాసి పిస్తోళ్ల మీద కట్టుదిట్టమైన చట్టం కావాలని ఉద్యమించారు. బిల్లు గట్టెక్కాలంటే సల్లివాన్ అండ కావాలని గ్రహించి ఆయనను కలుసుకున్నారు. సల్లివాన్ సరేనన్నారు.

1911 చట్టంలో ఏముంది

సెనేట్‌లో బిల్లును సల్లివాన్ స్వయంగా ప్రవేశపెట్టారు. తుపాకీ తయారీదారుల నుంచి, కొందరు గ్రామీణ సభ్యుల నుంచి అభ్యంతరాలు వచ్చినా ఉభయ సభల్లోనూ అది భారీ మెజారిటీతో నెగ్గింది. గవర్నర్ జాన్ డిక్స్ 1911 మే నెలలో సంతకం చేశారు. ఆ వేసవి ముగిసేసరికి చట్టం అమల్లోకి వచ్చింది.

దాని సారాంశం సరళమైనది. శరీరం మీద దాచుకోదగిన చిన్న తుపాకీని ఇంట్లో ఉంచుకోవడానికి కూడా లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా ఉంచుకోవడం చిన్న నేరం, దాచుకుని బయట తిరగడం ఘోర నేరం. అమ్మేవారు కొన్నవారి వివరాలను పుస్తకంలో నమోదు చేయాలి. ఇనుప పిడికిళ్లు, ముఠాలు వాడే ఇతర దెబ్బ ఆయుధాలపైనా ఆంక్షలు వచ్చాయి. పొడవాటి రైఫిళ్లు, వేటతుపాకులు ఈ చట్టం పరిధిలోకి రాలేదు. 1913లో చేసిన సవరణతో, ఆయుధాన్ని దాచుకుని బయటకు తీసుకువెళ్లాలంటే సత్ప్రవర్తనతోపాటు తగిన కారణం కూడా చూపాలన్న షరతు చేరింది. ఆ కారణం తగినదో కాదో తేల్చేది లైసెన్సు ఇచ్చే అధికారి. వందేళ్ల తర్వాత సుప్రీంకోర్టుకు చేరిన వివాదానికి బీజం ఆ షరతులోనే ఉంది.

విమర్శలు మొదటి నెలలోనే వచ్చాయి. ఈ చట్టం కింద జైలుకు వెళ్లిన తొలి వ్యక్తుల్లో ఒక ఇటాలియన్ కూలీ ఉన్నాడు. బెదిరించి డబ్బు గుంజే ముఠాలకు భయపడి ఆత్మరక్షణ కోసం రివాల్వర్ దగ్గర పెట్టుకున్నానని అతడు కోర్టుకు చెప్పాడు. న్యాయమూర్తి ఏడాది శిక్ష వేసి సింగ్ సింగ్ జైలుకు పంపారు. ఆయుధాలు ధరించడం ఇటాలియన్ వలసదారుల దురలవాటన్న దురభిప్రాయం ఆనాటి పత్రికల్లో, అధికారుల్లో బలంగా ఉండేది. పోలీసులు తమకు గిట్టనివారి జేబులో తుపాకీ పెట్టి కేసు కడుతున్నారని, అందుకే ముఠా మనుషులు జేబులు కుట్టించుకుంటున్నారని కథలు పుట్టాయి. తన మాట వినని ముఠాలను అణచడానికే సల్లివాన్ ఈ చట్టం తెచ్చారన్న నింద కూడా వ్యాపించింది. ఆ నిందకు గట్టి ఆధారం లేకపోయినా టామనీ హాల్ చరిత్ర తెలిసినవారికి అది నమ్మశక్యంగానే తోచింది.

చట్టం వచ్చిన మరుసటి ఏడాదే దాని పరిమితి బయటపడింది. 1912 జూలైలో హెర్మన్ రోజెంతాల్ అనే జూదగృహ యజమాని ఒక హోటల్ ముందు కాల్పుల్లో హతుడయ్యాడు. అతడు ఒకప్పుడు సల్లివాన్ ఆశ్రయంలో పెరిగినవాడు. పోలీసులు తన నుంచి మామూళ్లు తీసుకుంటున్నారని పత్రికల ముందు బయటపెట్టిన కొద్ది రోజులకే ఈ హత్య జరిగింది. ఆ కేసులో పోలీసు లెఫ్టినెంట్ చార్లెస్ బెకర్‌కు 1915లో మరణశిక్ష అమలైంది. లైసెన్సులను కాపాడవలసిన వ్యవస్థే హంతకులతో చేతులు కలిపితే చట్టం ఎంతవరకు పనిచేస్తుందన్న ప్రశ్న అప్పుడే తలెత్తింది.

కార్మిక మహిళలకు అండ

సల్లివాన్ చివరి శాసనసభా కాలాన్ని తుపాకీ చట్టం ఒక్కదానితోనే కొలవలేం. 1911 మార్చి 25న ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో 146 మంది కార్మికులు మరణించారు. వారిలో అత్యధికులు వలస వచ్చిన యువతులు. ఆ మరుసటి ఏడాది, మహిళల పని గంటలను వారానికి 54కు పరిమితం చేసే బిల్లు కోసం ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే యువ కార్యకర్త రాష్ట్ర రాజధాని ఆల్బనీలో ఓట్లు కూడగట్టారు. సమావేశాల ఆఖరి రోజున బిల్లు ఓడిపోయే పరిస్థితి వచ్చింది. న్యూయార్క్ వెళ్లే ఓడ ఎక్కబోతున్న సల్లివాన్‌కు, ఆయన బంధువైన మరో సెనేటర్‌కు కబురు వెళ్లింది. ఇద్దరూ వెనక్కు వచ్చి ఓటు వేయడంతో బిల్లు గట్టెక్కింది. పెర్కిన్స్ 1933లో అమెరికా కార్మిక మంత్రిగా, కేంద్ర మంత్రివర్గంలో తొలి మహిళగా బాధ్యతలు స్వీకరించారు. మహిళల ఓటు హక్కుకు కూడా సల్లివాన్ మద్దతు ఇచ్చారు.

ఎవరూ గుర్తించని మరణం

1912 నవంబరులో సల్లివాన్ మళ్లీ దేశ ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. అప్పటికే ఆయన ఆరోగ్యం, మనసు రెండూ అదుపు తప్పాయి. బాధ్యతలు స్వీకరించలేకపోయారు. తన వ్యవహారాలు తాను చూసుకోగల స్థితిలో లేరని న్యాయస్థానం నిర్ధారించడంతో 1913 ఆరంభంలో చికిత్సాలయానికి తరలించారు. తర్వాత బ్రాంక్స్ ప్రాంతంలోని సోదరుడి ఇంట్లో కాపలాదారుల నడుమ ఉంచారు.

1913 ఆగస్టు 31న ఆయన కాపలాదారుల కన్నుగప్పి ఇల్లు విడిచారు. ఆ ప్రాంతంలోనే రైలు పట్టాల మీద ఒక వ్యక్తి మృతదేహం దొరికింది. ఎవరిదో తెలియక శవాగారంలో దాదాపు రెండు వారాలు ఉంచారు. నిరాశ్రయుడని భావించి అనాథల శ్మశానానికి పంపే సమయంలో విధుల్లో ఉన్న పోలీసు ఒకరు ముఖం చూసి గుర్తుపట్టారు. నగరంలో అందరికీ తెలిసిన మనిషి అన్ని రోజులు అనామకుడిగా ఎలా ఉండిపోయాడన్న సందేహాలు అప్పుడే రేగాయి. అంత్యక్రియలకు వేలాది జనం తరలివచ్చారు. సెనేటర్లు, న్యాయమూర్తులతోపాటు ఆయన పంచిన బూట్లు తొడుక్కున్నవారూ ఆ గుంపులో ఉన్నారు.

వందేళ్ల తర్వాత చట్టం ముందున్న ప్రశ్నలు

అమెరికా రాజ్యాంగంలోని రెండో సవరణ ఆయుధాల హక్కును ప్రస్తావిస్తుంది. అది రాష్ట్రాలను కట్టడి చేయదన్నది 2010 వరకు న్యాయస్థానాల వైఖరి. అందువల్ల తుపాకీ నియంత్రణ ప్రధానంగా రాష్ట్రాల పనిగా సాగింది. న్యూయార్క్ సెనేట్‌లో ఒకప్పుడు సల్లివాన్ సహచరుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ దేశాధ్యక్షుడిగా 1934లో జాతీయ తుపాకీ చట్టం తెచ్చినప్పుడు కూడా పిస్తోళ్లను అందులో చేర్చాలన్న తొలి ప్రతిపాదన వ్యతిరేకత వల్ల నిలవలేదు. పిస్తోలు ఎవరి చేతికి చేరాలన్నది రాష్ట్రాలకే మిగిలింది.

ఆ రాష్ట్రాల అనుభవం కొన్ని విషయాలు తేటతెల్లం చేసింది. పిస్తోలు కొనడానికి ముందు అనుమతిపత్రం తప్పనిసరి అన్న నిబంధనను మిస్సోరీ రాష్ట్రం 2007లో ఎత్తివేసింది. ఆ తర్వాత అక్కడ తుపాకీ హత్యల రేటు పెరిగిందని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. 1995లో అలాంటి నిబంధన తెచ్చిన కనెక్టికట్‌లో తుపాకీ హత్యలు తగ్గాయని అదే బృందం తేల్చింది. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల 48,830 మంది మరణించారు. వాటిలో సగానికి పైగా ఆత్మహత్యలు. ఆవేశ క్షణానికీ ఆయుధానికీ మధ్య లైసెన్సు పెట్టే వ్యవధి అక్కడ ప్రాణాధారం కాగలదు. మరోవైపు, న్యూయార్క్‌లో పోలీసులకు చిక్కిన తుపాకుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవేనని ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ 2016లో నివేదించారు. పొరుగు రాష్ట్రం గేటు తెరిచి ఉంచితే ఒక్క రాష్ట్రం వేసిన గొళ్లెం సగమే పనిచేస్తుంది.

2022 నాటి తీర్పులో ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరోవైపు నిలిచారు. మెజారిటీ తరఫున జస్టిస్ క్లారెన్స్ థామస్ తీర్పు రాశారు. ఆత్మరక్షణ హక్కును వినియోగించుకోవడానికి పౌరుడు ప్రత్యేక కారణం చూపాలనడం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు భావించింది. లైసెన్సు పద్ధతిని మాత్రం తప్పుపట్టలేదు. ఆ వ్యాజ్యంలో తుపాకీ హక్కుల సంఘాలతోపాటు బ్రాంక్స్, బ్రూక్లిన్ ప్రాంతాల్లో పేదల తరఫున వాదించే న్యాయవాదులు కూడా పాత చట్టాన్ని వ్యతిరేకించారు. లైసెన్సు పలుకుబడి ఉన్నవారికి దక్కుతోందని, జైలు నల్లజాతి, లాటిన్ యువకులకు దక్కుతోందని వారి వాదన. 1911లో ఇటాలియన్ కూలీ విషయంలో తలెత్తిన ప్రశ్నే మరో రూపంలో తిరిగి వచ్చింది.

న్యూయార్క్ శాసనసభ 2022 జూలై 1న కొత్త చట్టం చేసింది. తగిన కారణం షరతును తొలగించి, శిక్షణను తప్పనిసరి చేసి, పాఠశాలలు, ప్రార్థనా మందిరాలు, ప్రజా రవాణా వంటి చోట్ల తుపాకులను నిషేధించింది. అంతకు ముందు మే 14న బఫెలో నగరంలోని సూపర్ మార్కెట్‌లో ఒక దుండగుడు రైఫిల్‌తో పది మందిని చంపాడు. సల్లివాన్ కాలం నుంచి లైసెన్సు పరిధికి ఆవల ఉన్న సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల కొనుగోలుకూ అనుమతి ఉండాలని జూన్‌లో రాష్ట్రం నిర్ణయించింది.

భారతదేశంలో ఈ అంశం వేరే దారిలో నడిచింది. ఆయుధాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో ఉన్నాయి. 1959 నాటి ఆయుధాల చట్టం దేశమంతటికీ ఒక్కటే, రాష్ట్రానికో పద్ధతి లేదు. లైసెన్సు నిరాకరిస్తే అధికారి కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి, దానిపై అప్పీలుకు అవకాశం ఉంది. తుపాకీ ఉంచుకోవడం ఇక్కడ హక్కు కాదు, అనుమతి. పిల్లలను అమెరికా చదువులకు, ఉద్యోగాలకు పంపిన తెలుగు కుటుంబాలకు ఈ తేడా కేవలం రాజ్యాంగ చర్చ కాదు. పిల్లలు చేరబోయే రాష్ట్రం ఏదన్నదాన్ని బట్టి చుట్టూ ఉండే తుపాకుల చట్టం మారిపోతుంది.

సల్లివాన్ వదిలి వెళ్లిన పాఠం రెండు అంచుల కత్తి లాంటిది. ఆయుధానికీ మనిషికీ మధ్య రాష్ట్రం ఒక తలుపు పెట్టగలదని, ఆ తలుపు ప్రాణాలు కాపాడగలదని ఆయన చట్టం చూపింది. తాళంచెవి ఎవరి చేతిలో ఉంది, వారు ఎవరికి తెరుస్తున్నారు అన్నదానికి జవాబుదారీతనం లేకపోతే ఆ తలుపు పేదవాడి ముఖం మీదే మూసుకుంటుందనీ అదే చట్టం చరిత్ర చెబుతోంది. 1889లో శాసనసభలో నిలబడి పోలీసు విచక్షణను ప్రశ్నించిన యువకుడికి ఈ రెండో విషయం బాగా తెలుసు. 1911లో బిల్లు ప్రవేశపెట్టిన సెనేటర్ మొదటి దానికే ప్రాధాన్యం ఇచ్చారు. రెంటినీ ఒకే శాసనంలో ఇమిడ్చే పని న్యూయార్క్‌లో నేటికీ పూర్తి కాలేదు.